చిక్కుళ్లావిడ

అత్తగారి కాలిగోళ్లు తీస్తుండగా వచ్చింది ట్వైలాకు ఆ ఫోను. ఓపల్ ముసలమ్మ కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానితే గాని ఆ గోళ్లు కత్తెరకు లొంగవు. షుగరు మనిషి, కాస్త గీరుకున్నా పుండవుతుంది. అందుకని ట్వైలా నేల మీద కూర్చుని, ఆ మడమను తన తొడ మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కత్తిరిస్తోంది.

"మెల్లిగానే! అది కాలు, నీ చిక్కుళ్ల గిన్నె కాదు," అంది ఓపల్. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో చిక్కుళ్ల మాట ఏ సందర్భానికైనా పనికొస్తోంది.

ఫోనులో ఎవరో ఆడమనిషి, లాస్ ఏంజెలెస్ నుంచి. గొంతు తేనెలా ఉంది. "నేను బ్రిన్ కాల్డర్ గారి మేనేజర్నండీ. ఆవిడ స్వయంగా మీ ఇంటికొచ్చి, కెమెరా ముందే మీకు క్షమాపణ చెప్పుకుంటానంటున్నారు. ఆ రోజులు వేరు కదండీ. అప్పటికీ ఇప్పటికీ మనందరం చాలా నేర్చుకున్నాం."

ట్వైలా కత్తెర పక్కన పెట్టింది. తనేం నేర్చుకుందో చటుక్కున గుర్తు రాలేదు.

పన్నెండేళ్ల కిందట ఒక పొద్దున పక్క ట్రెయిలర్ ఇంటివాళ్లు పోలీసులకు ఫోను చేశారు. పోలీసులు ఆమె మొగుడు రాండల్‌ని బేడీలేసి బయటికి తెస్తుంటే, వెనకాలే టీవీ వాళ్ల కెమెరా వచ్చింది. ట్వైలా గులాబీ రంగు గౌనులో, జుట్టుకు చుట్టిన రోలర్లతో, చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. "ఏం జరిగిందమ్మా?" అని మైకు పెట్టారు. "నన్ను లోపలికి పోనివ్వండి, నా చిక్కుళ్లు మాడిపోతున్నాయి," అంది. వాళ్లు మళ్లీ అడిగితే మళ్లీ అదే అంది. అంతకు ముందురోజు గిన్నె అడుగంటిందనే ఆ కన్ను అలా అయిందని, సాయంత్రానికి ఆయన తిరిగొచ్చేస్తే ఈ గిన్నె కూడా మాడి ఉంటుందేమోనన్న భయం తప్ప ఆ క్షణాన తన బుర్రలో ఇంకేమీ లేదని, ఎవరికి తెలుసు? దేశమంతా నవ్వింది. ఎవరో ఆ మాటలకు బాణీ కట్టారు. పిల్లలు డాన్సు చేశారు. కోర్టు గుమాస్తా ఆమె పేరు చదివి పెదవులు బిగబట్టుకుని తల దించేసుకుంది. ఆ మర్నాడే ట్వైలా కేసు వెనక్కి తీసుకుంది. నవ్వుకుంటున్నవాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ ఏం చెప్పుకుంటుంది?

ఆ ఏడాది, పిల్లలు వేషాలు కట్టి చాక్లెట్లకు ఇంటింటికీ తిరిగే హాలోవీన్ పండక్కి కొట్లలో అట్టపెట్టెలు దిగాయి. గులాబీ గౌను, రోలర్లు, ప్లాస్టిక్ గరిటె, కంటి చుట్టూ పూసుకోవడానికి చిన్న డబ్బాలో ఊదారంగు. పైన 'చిక్కుళ్లావిడ' అని పేరు. సినిమా తార బ్రిన్ కాల్డర్ అదే వేసుకుని ఏదో పెద్ద పార్టీకి వెళ్లింది. పక్కన ఆమె స్నేహితుడు చేతులకు బేడీలేసుకుని నిలబడ్డాడు. ఆ ఏడాదికి అదే మేటి వేషమని ఒక పత్రిక రాసింది. రాండల్ ఆ ఫొటో కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాడు. "చూశావుటే? సినిమావాళ్లు కూడా మన వేషం కట్టారు. నా చలవ!" అన్నాడు. బీరుకనో, వెన్నకనో ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ ఆమెకు ఆ ఫొటో కనిపించేది. బ్రిన్ ముఖం మీది దెబ్బ ఎంత అందంగా ఉందో! అంచులు చక్కగా పసుపులోకి తిరిగాయి. ఎవరో నేర్పుగల మనిషే వేసి ఉండాలి.

హాలోవీన్ రోజు పిల్లలు తలుపు కొట్టారు. చాక్లెట్ల గిన్నె పట్టుకుని వెళ్లింది ట్వైలా. గుమ్మంలో ఏడెనిమిదేళ్ల పిల్ల, గులాబీ గౌను, రోలర్లు, ఊదా కన్ను. ఆ పిల్ల ట్వైలా ముఖంలోకి పరీక్షగా చూసింది. "ఆంటీ, మీ రంగు నాకన్నా బాగుంది. ఎక్కడ కొన్నారు?" అంది. ట్వైలా రెండు చాక్లెట్లు ఎక్కువే వేసింది. వెనక్కి తిరిగితే తన కూతురు షెల్బీ నిలబడి ఉంది, అప్పటికి తొమ్మిదేళ్లది. అది ఆ రోజు మొదలు అమ్మతో బజారుకు రావడం మానేసింది. పద్దెనిమిది నిండగానే రీనో ఊరికి వెళ్లిపోయింది. తల్లి పుట్టినరోజున మాత్రం ఫోను చేస్తుంది.

ఇప్పుడు లోకం మారిందట. బ్రిన్ కొత్త సినిమా వస్తోందనగానే ఎవరో ఆ పాత ఫొటో తవ్వి తీశారు. దెబ్బలు తిన్న ఆడదాన్ని వేషం చేసుకుంటావా, సిగ్గులేదా అని లక్షలమంది విరుచుకుపడ్డారు. ఇతరుల కష్టాన్ని వేషంగా వేసుకురావద్దని స్కూళ్లు తల్లిదండ్రులకు ఉత్తరాలు పంపాయి. కొట్లో క్యాషు దగ్గరుండే మనిషి, ఒకప్పుడు చిక్కుళ్ల డబ్బా స్కాన్ చేస్తూ కిసుక్కున నవ్విన మనిషే, ఇప్పుడు ముఖం వేలాడేసి, "మీరెంత ధైర్యవంతులండీ," అంది. అప్పుడు నవ్వినవాళ్లు తననేమీ అడగలేదు. ఇప్పుడు మండిపడుతున్నవాళ్లూ అడగలేదు. తను ఈ పన్నెండేళ్లూ అదే ఇంట్లో, ఆ మనిషితోనే ఉందని తెలిసినట్టే లేదు ఎవరికీ.

"రానీవే!" అన్నాడు రాండల్, ఫోను సంగతి వినగానే. "నేనూ కూర్చుంటా నీ పక్కన. మారిన మనిషిని అని చెప్తా. ఈ కారే పైకప్పు కూడా వాళ్లే వేయిస్తారేమో అడుగుదాం."

"నాకు వాళ్లు రావడం ఇష్టం లేదు. వాళ్లను రావద్దని చెప్పేస్తాను," అంది ట్వైలా. అది మంగళవారం. ఆ మాటకే పడింది దెబ్బ, ఎడమ చెవి కింద, దవడ ఎముక మీద. క్షమాపణ పుచ్చుకోనన్నందుకు.

"వాడికి కోపమొస్తుందని తెలిసీ ఎదురెందుకు చెప్పావు?" అంది ఓపల్, మాత్రల కోసం అరచెయ్యి చాపుతూ.

గురువారం పొద్దున్నే రెండు వ్యాన్లూ ఒక నల్లకారూ వచ్చాయి. ముందు గదిలో సోఫా జరిపారు, దీపాలు పెట్టారు, ఓపల్ మంచాన్ని వెనక గదిలోకి నెట్టారు. రాండల్ గడ్డం గీసుకుని, కొత్త గళ్ల చొక్కా వేసుకుని, "మనిషన్నవాడు మారతాడండీ," అని అద్దంలో చూసుకుంటూ నాలుగుసార్లు చెప్పుకున్నాడు. మేకప్ చేసే అమ్మాయి పేరు మారిసెల్. ట్వైలాను బాత్రూములో స్టూలు మీద కూర్చోబెట్టి, "మెడకు చుట్టుకున్న ఆ గుడ్డ తియ్యాలక్కా, పౌడరు పడుతుంది," అంది.

ట్వైలా తియ్యలేదు. మారిసెల్ తనే మెల్లిగా ముడి విప్పింది. చూసింది. అయ్యో అనలేదు, ఏమైందని అడగలేదు. వెనక్కి వెళ్లి తలుపు గడియ వేసింది.

"కప్పెయ్యమంటే కప్పేస్తాను," అంది చిన్నగా. "ఎంత దగ్గర్నుంచి తీసినా కనపడదు, నా పనే అది. వద్దంటే ఒదిలేస్తాను. నువ్వు చెప్పక్కా."

నువ్వు చెప్పు.  ఇంతకాలం ట్వైలాకు ఏం వండాలో చెప్పారు, ఎలా నవ్వాలో చెప్పారు, ఎవరిని క్షమించాలో కూడా చెప్పారు. ఏం చెప్పను? కారు తాళాలు ఆయన జేబులో ఉంటాయి. చెల్లెలు ఎప్పుడో మాటలు మానేసింది. షెల్బీ ఇంటి చిరునామా కూడా తెలియదు. ఈ దెబ్బ కనిపిస్తే ఆయన చంపేస్తాడు. కనిపించకపోతే? కప్పినా కప్పకపోయినా మూడు గంటలకు వీళ్లంతా బండ్లెక్కి వెళ్లిపోతారు. దీపాలు తీసేస్తారు, సోఫా మళ్లీ గోడకు జరుపుతారు, తలుపు మూసుకుంటుంది. ఆ తలుపుకు ఇవతల తనూ ఆయనా మిగులుతారు. వచ్చే మంగళవారం ఉంటుంది, దాని తర్వాతి మంగళవారం ఉంటుంది. తనకింకా నలభయ్యారేళ్లే. ఇంకా ఎన్ని మంగళవారాలో! అద్దంలో ఉన్న మనిషిని చూస్తే, నీళ్లలో మునిగిపోతూ కూడా కేక వెయ్యడానికి మొహమాటపడుతున్నదానిలా ఉంది.

"వద్దు," అంది.

బ్రిన్ కాల్డర్ తెరమీద కంటే చిన్నగా, అలసటగా ఉంది. ట్వైలా వచ్చి రాండల్ పక్కన కూర్చోగానే లేచి రెండు చేతులూ పట్టుకుంది. "ట్వైలా గారూ, ఇన్నేళ్లూ నేను..." అంటూనే ఆ దవడ చూసి ఆగిపోయింది.

"బాత్రూం తలుపు తగిలిందండీ. మా ఆవిడ ముందు చూసి నడవదు," అన్నాడు రాండల్ నవ్వుతూ.

బ్రిన్ మేనేజరు వైపు చూసింది. మేనేజరు కెమెరా అతనితో, "అటుపక్క నుంచి వద్దు, ఇటు కుడిపక్కకు తిప్పండి," అంది మెల్లిగా. కెమెరా కుడిపక్కకు వచ్చింది. బ్రిన్ ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. అప్పట్లో తనకు తెలియలేదంది, సిగ్గుపడుతున్నానంది, ఆడవాళ్ల బాధ ఎప్పటికీ వేషం కాకూడదంది. ఆమె కళ్లలో నీళ్లు నిజమైనవే. "మీరు నన్ను క్షమించగలరా?"

రాండల్ చెయ్యి ట్వైలా మోకాలి మీద ఉంది. ఆ వేళ్లు బిగుసుకున్నాయి.

"అది తర్వాత చూద్దాం," అంది ట్వైలా.  "మీరొచ్చిన బండ్లలో ఇంకొకరికి చోటుందా?"

 "చూశారా? మా ఆవిడ జోకులు మొదలెట్టింది," అని రాండల్ పెద్దగా నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. బ్రిన్ మళ్లీ మేనేజరు వైపు చూసింది. మేనేజరు చేతిలోని కాగితాలు చూసుకుంది. వెనక గదిలోంచి ఓపల్, "ఏమంటోందిరా అది? నా మూడింటి మాత్ర ఎవరిస్తారు?" అని అరిచింది.

"మీ అబ్బాయికి చేతులున్నాయత్తయ్యా," అంది ట్వైలా.  ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఎవరూ చెప్పరేమో. ఇప్పుడిక అన్న మాట వెనక్కి పోదు.

అప్పుడు బాత్రూం గుమ్మంలోంచి మారిసెల్ గొంతు వినిపించింది. "నా వ్యానులో ఉందక్కా. ముందు సీటే ఖాళీ."

ట్వైలా తన మోకాలి మీది వేళ్లను, అందరూ చూస్తుండగా, ఒక్కొక్కటిగా విడదీసి లేచి నిలబడింది.