దవడ కింద వాపు

తెల్లవారుజామున నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ చేసుకుంటూ పెద్దమ్మ నోట్లో నీళ్ళు పోసుకుంది. పుక్కిలించబోతే నోరు సగమే తెరుచుకుంది. నీళ్ళు పెదవి మూల నుంచి కారిపోయాయి. ఆమె చెయ్యి దానంతటదే దవడ కిందికి పోయింది. నిన్న చింతపిక్కంత ఉన్న గడ్డ ఇప్పుడు కోడిగుడ్డంత అయింది. నొక్కితే చెక్కలా గట్టిగా, వేడిగా తగిలింది. కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి పీట మీద కూలబడింది.

పేటలో అందరికీ ఆమె పెద్దమ్మే. మసీదు వెనక గదిలో, చనిపోయిన ఆడవాళ్ళకు చివరి స్నానం చేయించేది ముప్ఫై ఏళ్ళుగా ఆమే. ఎలాంటి చావు చూసినా ఆమె చెయ్యి వణికేది కాదు. "పెద్దమ్మకు అల్లా గుండె బదులు బండరాయి పెట్టాడే" అని తోటివాళ్ళు నవ్వేవారు. అలాంటి మనిషికి పళ్ళ డాక్టరంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. చిన్నప్పుడు ఎవరో పట్టకారుతో ఆమె పన్ను లాగితే సగం విరిగి, సగం చిగురులోనే ఉండిపోయింది. అప్పట్నుంచి ఏ పన్ను సలిపినా లవంగనూనె, ఉప్పునీళ్ళే మందు. లోకమంతా కష్టాలను పంటి బిగువున ఓర్చుకుంటే, ఆమె పంటి కష్టాన్నే పంటి బిగువున ఓర్చుకునేది.

ఈ ఉదయం ఆమెను కూలదోసింది మాత్రం డాక్టరు భయం కాదు, మూడు రోజుల కిందట చేయించిన స్నానం.

ఆ రోజు బల్ల మీద పడుకున్నది ముప్ఫై నాలుగేళ్ళ బడి టీచరు. వేలికి తడిగుడ్డ చుట్టి పళ్ళు తుడవబోతూ పెద్దమ్మ ఆగిపోయింది. ఆ పిల్లకు దవడ కింద నుంచి మెడ దాకా చెక్కలాంటి వాపు. గుమ్మం దగ్గర ఆమె తల్లి ఒకటే మాట పట్టుకుని ఏడుస్తోంది: "పన్ను నొప్పే కదా అనుకున్నామమ్మా... పన్ను నొప్పే కదా..."

శవం మీద చూసింది గది దాటకూడదు. ఆ పనిలో అడుగుపెట్టిన రోజున ఆమెకు నేర్పిన మొదటి మాట అది. భర్త బతికున్నన్నాళ్ళూ ఆయనకు కూడా ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే ఇప్పుడు ఈ భయాన్ని కూడా ఎవరితోనూ పంచుకునే దారి లేకపోయింది.

నమాజు ఎలాగో ముగించింది. నొప్పి ఉన్నచోట అరచెయ్యి పెట్టి మూడుసార్లు బిస్మిల్లా అంది. తర్వాత ఏడుసార్లు చదవాల్సిన దువా మొదలుపెట్టింది. నేను పడుతున్న బాధ నుంచీ, నేను భయపడుతున్న కీడు నుంచీ అల్లానూ, ఆయన శక్తినీ శరణు కోరుతున్నాను. ఎన్ని వందలసార్లు చదివిందో ఆ మాటలు! 'భయపడుతున్న' అన్నచోట ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు అక్కడే ఆగింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదటికొచ్చింది. ఉమ్మి మింగి చూసుకుంది. దిగింది, కానీ లోపల ముల్లు గీసుకున్నట్టయింది.

కోడలు టీ పట్టుకొచ్చి, అత్త ముఖం చూసి గ్లాసు కిందపెట్టేసింది.

"అత్తమ్మా! ఏంటిది? మెడ ఇలా ఉబ్బిందేంటి?"

"ఏం లేదే. దువా చేసుకున్నా. తగ్గుతుంది."

"దువా చేసుకోండి. దానితోపాటు డాక్టరు దగ్గరికీ పదండి."

"నా వల్ల కాదే తల్లీ. ఆ కుర్చీ ఎక్కితే నా గుండె ఆగిపోతుంది."

"నా కాన్పప్పుడు ఆపరేషన్ వద్దని నేనేడిస్తే ఏమన్నారు మీరు? జబ్బు పంపినవాడే మందూ పంపాడు, వెతుక్కోమని ప్రవక్తే చెప్పారు, లేవవే అన్లేదూ? నాకైతే హదీసు, మీకైతే లవంగనూనెనా?"

పెద్దమ్మ లేచి బయటికెళ్ళే దుప్పటీ తల మీంచి కప్పుకుంది. మెట్లు దిగుతుండగా కోడలి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజులు ఆ పిల్ల చర్మంలో దిగబడ్డాయి.

పళ్ళాస్పత్రి ముందుగదిలో గోడ పక్కన నాలుగు కుర్చీలున్నాయి. లోపల మిషను 'గుయ్' మన్నప్పుడల్లా పెద్దమ్మ లేచి నిలబడింది. రెండుసార్లు వాకిలి దాకా వెళ్ళింది. రెండుసార్లూ దవడ తడుముకుని వెనక్కి వచ్చి కూర్చుంది.

డాక్టరు పాతికేళ్ళ పిల్ల. నవ్వుతూనే టార్చి వేసి చూసి, నవ్వు ఆపేసింది.

"నాలుక పైకెత్తండి పెద్దమ్మా. మింగగలుగుతున్నారా? ఊపిరి బరువుగా ఉందా?"

"మింగుతున్నా. నొప్పిగానే."

"ఇంత వాపుతో ఇంట్లో కూర్చుంటారా ఎవరైనా? చెడిపోయిన పన్ను నుంచి చీము కిందికి దిగుతోంది. అది గొంతు చుట్టూ పాకితే ఊపిరి ఆడదు. లవంగనూనె నొప్పిని జోకొడుతుందంతే, చీమును ఆపలేదు. అదృష్టం, ఇంకా గొంతుకు అందలేదు. ఇప్పుడే తియ్యాలి."

కుర్చీ వెనక్కి వాలింది. పైన తెల్లటి కప్పు, కళ్ళల్లోకి దీపం, ముఖం మీదికి వంగిన ఇంకొకరి ముఖం. తన బల్ల మీద పడుకున్నవాళ్ళకు కనబడేది ఇదేనేమో అనిపించింది పెద్దమ్మకు. రెండు చేతులతో డాక్టరు మణికట్టు పట్టేసుకుంది.

"ఇంత భయమెందుకు? ఎవరికైనా ఇలా అవడం చూశారా?"

"చూశా. ఎవరినని అడక్కు తల్లీ."

డాక్టరు ఆ చేతుల్ని మెల్లగా విడిపించుకుంది.

"ఒక్క పని చెయ్యి. ఏం చేస్తున్నావో చెప్తూ చెయ్యి. నేను కూడా... నా పనిలో... ఒక్కో చెయ్యి కడిగేముందు వాళ్ళకు చెప్పే కడుగుతా."

"సరే. ఇది సూది. చురుక్కుమంటుంది. ఇప్పుడు పెదవి మొద్దుబారుతుంది... ఇప్పుడు గడ్డకు గాటు పెడుతున్నా, వాసనొస్తుంది... ఇప్పుడు పన్ను కదిలిస్తున్నా. నొక్కినట్టుంటుంది, నొప్పి ఉండదు."

నొప్పి నిజంగానే లేదు. అయినా పెద్దమ్మ కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతూనే ఉన్నాయి. లోపల ఏదో 'కట్' మంది. చిన్ననాటి చప్పుడే. పన్ను విరిగిందేమోనని ఆమె కాళ్ళు కొట్టుకున్నాయి. "మొత్తం వచ్చేసింది, చూడండి" అని డాక్టరు వేర్లతో సహా పన్ను చూపించే దాకా ఊపిరి తియ్యలేదు.

దూది కరిపించి, మందులు రాసి, డాక్టరు కోడలికి గట్టిగా చెప్పింది. "రేపు మళ్ళీ తీసుకురండి. ఈలోగా మింగలేకపోయినా, ఊపిరందకపోయినా నా కోసం ఆగొద్దు, నేరుగా పెద్దాస్పత్రికి. ఈ రోజంతా పుక్కిలించకూడదు."

దానితో ఇంకో దిగులు పట్టుకుంది. పుక్కిలించకపోతే వుజూ ఎలా? కోడలు మసీదు ఇమాముకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"పుక్కిలించడం సున్నతే పెద్దమ్మా, తప్పనిసరి కాదు. డాక్టరు వద్దన్నప్పుడు మానెయ్యండి. నమాజుకేం లోటు రాదు. ఒంటిని పాడు చేసుకోమని మన దీన్ ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడాయన.

రెండు రోజులు జ్వరం కాసింది. ఉమ్మి మింగినప్పుడల్లా ఆమె గుటక లెక్కపెట్టుకుంది. మూడోనాడు వాపు మెత్తబడింది, నోరు రెండు వేళ్ళంత తెరుచుకుంది. వారానికి గంజి మాని మెతుకు తింది.

పదిహేనో రోజు డాక్టరు మిగతా పళ్ళు చూసింది.

"పళ్ళకు మిస్వాక్ పుల్ల వాడతారా? మంచిదే, మానొద్దు. అది వెనక దంతాల దాకా పోదు, అక్కడ బ్రష్ తిప్పండి. ఇంకో రెండు పళ్ళు పుచ్చాయి. వీటిని తీసేయక్కర్లేదు, శుభ్రం చేసి మూసేస్తే చాలు. మిషను వాడాలి మరి."

మిషను అనగానే పెద్దమ్మ వేళ్ళు కోడలి చున్నీ అంచును మెలిపెట్టాయి.  భయం ఒక్క వీసం కూడా తగ్గలేదు.

"ఏ రోజు రమ్మంటావు?" అంది, చున్నీ అంచు వదలకుండానే.

"సోమవారం."

"పొద్దున్నే పెట్టు తల్లీ. సాయంత్రమైతే, అప్పటిదాకా భయంతోనే చచ్చిపోతాను."