నాలుగు మూలలా పసుపు

నేను ఒక వంద రూపాయల స్టాంపు కాగితాన్ని. అచ్చాఫీసులో ఒంటిమీద సింహాల గుర్తు పడిన రోజు నుంచి నాకు కాస్త పొగరు. మామూలు కాగితం మీద అబద్ధం రాస్తే చింపేస్తారు, నా మీద రాస్తే కోర్టుకు వెళ్తారు. కాకినాడలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసే గవర్రాజు గారి సొరుగులో పడుకుని, ఏ కొబ్బరితోట అమ్మకానికో పనికొస్తానని కలలు కనేదాన్ని.

ఒక బుధవారం ఇద్దరు వచ్చారు. కోదండం గారు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రత్నమాల గారికి టైలరింగ్ షాపు ఉంది. ఆయన భార్య పోయి పదేళ్లు, ఈవిడ భర్త పోయి అంతకంటే ఎక్కువ. ఆరేళ్లుగా ఆయన ఇంట్లో కలిసి ఉంటున్నారు, పెళ్లి మాత్రం చేసుకోలేదు.

"చేసేసుకుంటే ఒక్క సంతకంతో తీరిపోద్ది కదండీ" అన్నారు గవర్రాజు గారు.

"చెరొకసారి చేసుకున్నాం కదండీ, చాలు. నా భయమల్లా ఒకటే. రేపు ఈయనకేదైనా అయితే, ఈయన కూతురొచ్చి నన్ను మిషనుతో సహా వీధిలో పెడితే నేనెక్కడికెళ్లనండీ?" అన్నారు రత్నమాల గారు.

"అలా జరక్కూడదనే కదా వచ్చాం, టైలరు గారూ" అన్నారు కోదండం గారు. ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆవిడను ఆయన పిలిచేది అలాగే.

గవర్రాజు గారి దగ్గర అమ్మకానికి, తాకట్టుకి, అద్దెకి నమూనాలున్నాయి. వీళ్లకు సరిపడేది లేదు. అద్దె ఒప్పందం చదివి వినిపిస్తే రత్నమాల గారికి ఒళ్లు మండింది. చివరికి గవర్రాజు గారు కళ్లజోడు తుడుచుకుని అసలు సంగతి చెప్పారు. కలిసి ఎలా ఉండాలో షరతులు ఎన్నైనా రాసుకోవచ్చు. కానీ కోదండం గారి తర్వాత కూడా ఆవిడ ఆ ఇంట్లో ఉండాలంటే వీలునామా కావాలి. దానికి ఇద్దరు సాక్షులు తప్పనిసరి. స్టాంపు కాగితం మాత్రం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.

ఆ మాటతో నా పరువు గంగలో కలిసింది. నన్ను కాపాడింది రత్నమాల గారే.

"తెల్లకాగితాన్ని నమ్ముకుని ఎలా ఉంటామండీ? స్టాంపు కాగితం మీదే రాయండి."

మనుషులకు చట్టం కంటే నా మీది సింహాలంటేనే గురి. ఆవిడ బతికినంతకాలం ఆ ఇంట్లో ఉండాలని, ఆ తర్వాత ఇల్లు కూతురు హైమవతికి చెందాలని, ఇంకా ఏవేవో షరతులతో నా రెండు వైపులా కిక్కిరిసి రాశారు.

పెళ్లి వద్దన్నవాళ్లు సంతకాలకు మాత్రం ముహూర్తం చూసుకున్నారు. రాహుకాలం దాటాక ఆయన ఇస్త్రీ లాల్చీలో, ఆవిడ కొత్త చీరలో, డబ్బా నిండా కాజాలతో వచ్చారు. ఒక సాక్షి గవర్రాజు గారు. రెండో సాక్షి పక్కింటి యేసుపాదం మాస్టారు, ఇంకు పెన్నుతో సంతకం పెట్టి, కాజా తీసుకుని బస్సెక్కేశారు. అప్పుడు రత్నమాల గారు శుభమని చెప్పి నా నాలుగు మూలలా తడి పసుపు పూశారు. కింది మూలలో ఇంకా ఆరని మాస్టారి సంతకం ఆ పసుపులో కలిసి మరకైపోయింది.

"సాక్షి ఒక్కరే మిగిలారండీ. ఇలా అయితే చెల్లదు. రేపు మాస్టార్ని మళ్లీ తీసుకురండి" అన్నారు గవర్రాజు గారు.

రేపు రేపంటూ రెండేళ్లు గడిచాయి. మాస్టారు గుంటూరు వెళ్లి, అక్కడే కాలం చేశారు. బీరువాలో నేను ఎంత కంగారుపడితే మాత్రం ఎవరికి పట్టింది?

ఉన్నట్టుండి కోదండం గారికి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున హైమవతి రాజమండ్రి నుంచి దిగింది. తండ్రిని చూసి హాల్లోకి వచ్చి సూటిగా అడిగింది.

"అసలీ ఇంట్లో మీకేం హక్కుందండీ?"

రత్నమాల గారు నన్ను తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. "ఇదేనమ్మా. కానీ సాక్షి ఒక్కరే, చెల్లదంట. ఒకసారి చదువు."

ఆ అమ్మాయి రెండు వేళ్లతో లాగితే నేనూ ఆఖరు, ఆవిడకు నీడా ఆఖరు.

హైమవతి చదువుతూ చివరి షరతు దగ్గర ఆగింది. రత్నమాల గారు ఆ ఇంట్లో ఉన్నంతకాలం హాల్లో హైమవతి తల్లి ఫొటో తీయరాదు. దస్తావేజులో ఇలాంటివి రాయరని గవర్రాజు గారు మొత్తుకున్నా, ఆవిడ పట్టుబట్టి రాయించుకున్న షరతు అది. హైమవతి తలెత్తి గోడవైపు చూసింది. ఫొటోకి ఆ రోజు పెట్టిన తాజా పూలున్నాయి.

ఆ అమ్మాయి గవర్రాజు గారికి ఫోన్ చేసి ఏదో కనుక్కుంది. నన్ను పట్టుకుని తండ్రి మంచం దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, ఈ సంతకం నీదేనా?"

"నాదేనమ్మా."

"ఎవరైనా బలవంతంగా పెట్టించారా?"

"లేదమ్మా. కాజాలు మాత్రం పెట్టారు."

హైమవతి నవ్వాపుకుంటూ రెండో సాక్షిగా సంతకం చేసింది. సంతకం తనదేనని ఆయన ఒప్పుకుంటే సాక్షి ఇప్పుడు పెట్టినా చెల్లుతుందని గవర్రాజు గారు ఫోన్లో చెప్పారట. నన్ను రత్నమాల గారికి అందిస్తూ అంది, "సంతకం పెట్టాను కదా అని మిమ్మల్ని అమ్మా అంటాననుకోకండి."

"వద్దులేమ్మా. ఈ ఇంట్లో ఒకాయన టైలరు గారూ అంటున్నారు. నువ్వూ అలాగే అను."

ఇప్పుడు నేను అన్ని విధాలా చెల్లే కాగితాన్ని, బీరువాలో చీరల కింద ఉన్నాను. నాతో పని పడిందంటే కోదండం గారు లేరన్నమాట. అందుకే నన్ను ఎవరూ బయటికి తీయకూడదని కోరుకుంటున్నాను. హాల్లో మిషను చప్పుడు, ఆ చప్పుడుకి టీవీ వార్తలు వినపడటం లేదని ఆయన విసుగు, రెండూ ఇక్కడికి బాగానే వినిపిస్తున్నాయి.