ఆ మాట ఎవరెవరికి

“ఇవాళ నీ ఉద్యోగం ఊడుతుందే,” అంది తల్లి, కూతురి సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోస్తూ.

“ఇంకా ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేదమ్మా.”

“అందుకే ఇప్పుడు చెప్తున్నా. ఊడాక చెప్తే ఏం లాభం?”

ఆవిడ భయాలకు అంతూ పొంతూ ఉండేది కాదు. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనేది. మోగకపోతే, చెప్పాల్సినవాళ్ళకే ఏదో అయిందనేది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడకు కీడెంచేసరికే పొద్దుగూకేది, ఇక మేలెంచే తీరిక ఎక్కడిది?

ఈసారి భయానికి మాత్రం కారణం లేకపోలేదు. తల్లీకూతుళ్ళిద్దరిదీ ఒకేచోట పని. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం అది. తల్లి అక్కడ పదకొండేళ్ళుగా ఊడ్చి తుడుస్తోంది. కూతురు మూడు నెలల కిందట గొంతు పరీక్షలో నెగ్గి, చదివే పనిలో చేరింది. మొదట ఇచ్చిన పుస్తకం పూర్తిచేసి, దాన్ని పెద్ద మాస్టారు విని సరేనని సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం. ఆ పుస్తకమేమో దేవుడే స్వయంగా చెప్పాడని జనం కళ్ళకద్దుకునే గ్రంథం. తెలుగు అర్థం రాసింది మాస్టారే. శ్లోకాలను ఆయన తన గొంతుతో ముందే చదివిపెట్టారు. వాటి అర్థం కూతురు చదవాలి.

నిన్న సాయంత్రం ఇవాళ్టి పేజీలు ముందుగా చూసుకుంటూ కూతురు ఒకచోట ఆగిపోయింది. పాపపు పుట్టుక పుట్టిన స్త్రీలు, వైశ్యులు, శూద్రులు కూడా తనను నమ్ముకుంటే పైగతికి చేరతారని దేవుడు అంటున్నట్టు రాసుంది అక్కడ.

“ఇందులో నేను రెండుసార్లు ఉన్నానమ్మా,” అంది కూతురు. “ఆడదాన్నై ఒకసారి, మనింట్లో పుట్టి ఒకసారి.”

చదివేసి ఊరుకోమని తల్లి నచ్చజెప్పింది. మాటదేముంది, నోట్లోంచి వచ్చి గాల్లో కలిసిపోతుంది, తను ఇన్నేళ్ళలో ఎన్ని మాటలు పడలేదు, ఒంటికి ఏమైనా అంటుకున్నాయా అని అడిగింది. పడటం వేరు, తన నోటితో అనడం వేరు అంది కూతురు. ఆ ముక్కతో తల్లికి అన్నం సహించలేదు.

రికార్డింగు గది గుమ్మం మీద ఎర్రబల్బు ఉంటుంది. అది వెలిగితే నడవలో ఎవరూ కదలకూడదు. తల్లి చీపురు గోడకు ఆనించి, గాజులు చప్పుడు కాకుండా మోచేతుల పైకి నెట్టుకుని నిలబడేది. పక్క గదిలో మిషను ముందు ఒక లావుపాటావిడ, ఆవిడ వెనక కుర్చీలో మాస్టారు కూర్చునేవారు. ఆ గది తలుపు ఓరగా తెరిచి ఉంటే స్పీకర్లోంచి కూతురి గొంతు నడవలోకి వినపడేది. పోయిన వారం, అన్ని ప్రాణుల్లోనూ ఉన్నదాన్ని ఒక్కటిగా చూసేవాడే తెలిసినవాడన్న చోటు కూతురు చదువుతుంటే, ఏ పుస్తకానికైనా ఆవులించే ఆ లావుపాటావిడ ఆవులింత మరిచిపోయింది. అది చూసి తల్లి పొంగిపోయింది. వెంటనే దిష్టి తగులుతుందని భయపడింది.

ఇవాళ గొంతు బాగానే సాగింది. ఒక పేజీ తిరిగింది, రెండో పేజీ తిరిగింది. అక్కడ ఆగింది. ఎర్రబల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. దగ్గు అడ్డొచ్చిందేమోనని తల్లి ఆశపడింది. దగ్గు రాలేదు. బల్బు ఆరిపోయింది.

మాస్టారు లేచి, తలుపు తెరిచే ఉంచి రికార్డింగు గదిలోకి వెళ్ళారు. ఎనభై దగ్గరపడ్డ మనిషి. ఎప్పుడూ గొంతెత్తి ఎరగరు. తల్లికి అదే ఎక్కువ భయం. అరిచేవాళ్ళు అరిచి ఊరుకుంటారు, అరవనివాళ్ళ మనసులో ఏముందో ఎవరికి తెలుసు?

“ఏమ్మా, అక్షరాలు సరిగ్గా కనబడలేదా?”

“కనబడ్డాయి మాస్టారూ. అందుకే ఆగాను.”

ఆ వాక్యం తన గొంతుతో చెప్పలేనంది కూతురు. వినేవాళ్ళకు పేజీ కనపడదు, రాసినవారు కనపడరు. వాళ్ళకు తెలిసేది తన గొంతొక్కటే. ఒక ఆడగొంతు, ఆడపుట్టుక పాపపుదని చెప్తుంటే వాళ్ళు నమ్మరా? పోయిన వారం అందరూ ఒకటేనని చదివిన నోటితోనే ఇది ఎలా చదవాలి?

చదివేవాళ్ళు ఉన్నది చదవాలి తప్ప నచ్చింది ఉంచి, నచ్చనిది తీసెయ్యడానికి లేదని మాస్టారు నెమ్మదిగానే చెప్పారు. తనూ తీసెయ్యమనడం లేదని, ముందు అర్థమైతే చదువుతానని కూతురంది. దేహాలకు తేడాలున్నా ఆత్మకు లేవు, ఆ మాటకూ ఈ మాటకూ పొంతన అక్కడుంది అన్నారాయన.

“అయితే ఆత్మ చదువుతుంది లెండి మాస్టారూ. జీతం మాత్రం దేహానికే ఇస్తారు గదా.”

మిషను ముందున్న లావుపాటావిడ నోటికి పైట అడ్డం పెట్టుకుంది.  ఇక లాభం లేదని తల్లి నడవలోంచి ఆ గది గుమ్మంలోకి వచ్చింది. దాని నోరు పట్టించుకోవద్దని, చిన్నప్పుడే తండ్రి పోయాక తన గారాబం వల్ల ఇలా తయారైందని, చదివిస్తానని చేతులు జోడిద్దామనే వచ్చింది. తీరా నోరు తెరిస్తే మరొకటి వచ్చింది.

“మాస్టారూ, నాకు ఏడో క్లాసే. తప్పయితే క్షమించండి. మూడేళ్ళ కిందట ఈ హాలుకి రంగులేసేటప్పుడు మేనేజరు గారు నాకొక చీటీ రాసిచ్చారు. ‘విరిగిన కుర్చీలు, బల్లలు, బీరువాలు వెనక గదిలోకి చేర్చు’ అని. నేను బల్లలన్నీ ఎత్తి చూశాను. ఒక్కదానికీ కాలు విరగలేదు. బీరువాలూ బాగానే ఉన్నాయి. సరేనని విరిగిన కుర్చీలు మాత్రం చేర్చి ఇంటికెళ్ళాను. మర్నాడు బల్లలనిండా సున్నం. మేనేజరు గారు అన్న మాటలు మీరూ విన్నారు. విరిగినవి కుర్చీలేనట, బల్లలూ బీరువాలూ అన్నీ చేర్చాలట.”

“విన్నానమ్మా. దానికీ దీనికీ ఏమిటి?”

“ఈ పాపపు పుట్టుక అన్న మాట కూడా ఎందాకండీ? వరసగా అందరికీనా? లేకపోతే పాపపు పుట్టుకవాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరు, మిగతావాళ్ళు వేరూనా?”

మాస్టారు కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

“మూలంలో రెండు రకాలుగానూ చదవచ్చమ్మా. పూర్వపు వ్యాఖ్యాతలు కూడా అందరూ ఒకలాగే చెప్పలేదు.”

“మరి మీరు ఇలాగే ఎందుకు రాశారండీ?”

అడిగాక గానీ తను అడిగిందేమిటో తల్లికి తెలిసిరాలేదు. మాస్టారు బల్లమీది పేజీకేసి చూస్తుండిపోయారు. గదిలో ఫ్యాను లేదు, చప్పుడు పడుతుందని తీసేశారు.   కూతురి ఉద్యోగం పోయింది, దాంతోపాటు తనదీ పోయిందనుకుంది తల్లి. తర్వాత, ఆయన రెప్ప వెయ్యడం లేదని గమనించి, పెద్దాయనకు గుండెల్లో ఏమైనా అయిందేమో, ఆ పాపం తన మెడకే చుట్టుకుంటుందేమో అనుకుంది. మంచినీళ్ళు తేవాలా, డాక్టరుకు ఫోను చెయ్యాలా తేల్చుకోలేక, కూతురి భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. కూతురు ఆ చేతిని పట్టుకుంది. మాస్టారు చాలాసేపటికి తలెత్తారు. కూతురికేసి కాదు, తల్లికేసే చూశారు.

“మా నాన్నగారు అలా చెప్పేవారమ్మా. రెండో అర్థం ఇది రాసేనాటికే నాకు తెలుసు. అది రాస్తే ఆయన ఎదుట నిలబడి మాట్లాడాల్సి వచ్చేది. ఆయన పోయాక కూడా దిద్దలేదు. ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. రెండో రకంగా రాసినా అంతా చక్కబడిపోదు. ‘కూడా’ అన్న మాట ఉండనే ఉంటుంది, పాపపు పుట్టుకని ఎవరో ఒకరు మిగులుతారు. వాళ్ళకు నేనేం చెప్పాలో తెలీదు. నా వాక్యం వరకు నేను దిద్దుతాను. అమ్మాయిని ఇవాళ్టికి ఈ పేజీ వదిలేసి, తర్వాతి పేజీ నుంచి చదవమను.”