ధాతనాటి బురద

గ్రీష్మము ముదిరిన యా దినములయందు ప్రచండమార్తాండకిరణసంతప్తమై పూర్వము నీలోత్పలదళసంకాశముగా విలసిల్లిన జలము చాలవఱకు ఇగిరి పచ్చని నురుగును నల్లని జిగటయునై మిగిలిన వలసకొండ సరస్సు, తీరమున బోర్లబడిన దోనెలతోడను ఉబ్బి పగిలిన మత్స్యకళేబరములతోడను వానిని ముట్టుటకు రోసి దవ్వుల కూర్చున్న కాకులతోడను గూడి, చూపఱకు కన్నులు మూసికొనవలయునో ముక్కు మూసికొనవలయునో తెలియని దురవస్థ కలిగించుచుండెను.

ఆ కశ్మలమధ్యమున తాటిదోనెలో నిలిచి పొడవైన గొట్టమును సరోగర్భములోనికి దింపుచున్న యువతి పేరు హైమవతి. ఏటేట సరస్సునడుగున పేరుకొను బురదపొరలను వృక్షకాండములయందు ఏడాదికొకటిగా నేర్పడు వలయములను పరీక్షించి మనుజులెవ్వరును వ్రాసియుంచని పూర్వకాలపు వానలను ఎండలను చదువుట యామె విద్య. ఎగువ నడవిలోని వృద్ధములైన టేకుమ్రాకులను సన్నగా తొలిచి తీసిన పుల్లలలో ధాతసంవత్సరపు వలయము వెండ్రుకవాసియే యుండెను. నూటయేబదియేండ్లక్రిందట దేశము డొక్కలెండి మలమలమాడిన మహాక్షామవత్సర మది.

తీరమందలి రొయ్యలకర్మాగార మొకటి పదునైదేండ్లుగా తన మాలిన్యమును సరస్సులోనికి విడుచుచు ఇపుడు ఎండిన భాగమును తనకే యిప్పింపవలసినదని ప్రభుత్వమును కోరగా దానిని విచారించుటకు సంఘ మొకటి యేర్పడెను. "ఈ సరస్సు ధాతకరువునాడును ఎండినదే. ఎండుట దీని స్వభావము, కర్మాగారపు దోషము కాదు" అని హైమవతికి గురువైన ఆచార్య భుజంగరావు అభిప్రాయపత్ర మొసగెను. టేకువలయములను చూచిన కన్నులతో బురదను చూడకయే హైమవతియు దానిక్రింద సంతకము చేసెను. ఆ పత్రమునకు బలము చేకూర్చుటకే యిపుడు బురద తీయ వచ్చినది.

దోనె నడుపుచున్న వృద్ధజాలరి అప్పలకొండ హైమవతినోట ఆ మాట విని గడ యాపెను.

"ఎండిపోనాదని ఎవులు సెప్పినారమ్మా? మా తాత తల్లి ఆ కరువులో ఈ సెరువు దిగి తామరదుంపలు తవ్వి పిల్లల్ని బతికించుకున్నాదంట. నీల్లు నేకపోతే తామరెక్కడిది?"

హైమవతి చిఱునవ్వు నవ్వి గొట్టమును మఱింత దింపెను. ముసలివాని మాట కంటె చెట్టు మాట నిక్కమని యామె తలంపు.

మూడువారములు గడచినపిమ్మట పరిశోధనాలయమున నా గొట్టమును నిలువునకోసి పరిశీలింపగా పై భాగము పొరలే లేని తారుముద్దయై కంపుకొట్టుచుండెను. దానిక్రింద వేసవికొక లేతచాఱయు వర్షర్తువునకొక నల్లచాఱయు నెడతెగక సాగుచుండగా లెక్కించుచు లెక్కించుచు ధాతవత్సరమును చేరిన యామె చేయి నిలిచిపోయెను. అచట ఎండిన బురద పగిలిన నెఱ్ఱియలు లేవు. చిదుకని నత్తగుల్లలును రెండు తామరగింజలును గలవు. అడవి యెండినను కొండయూటలు సరస్సును విడువలేదు. ఇపుడు వాని నోళ్లను మూసినది పైనున్న మాలిన్యపుముద్దయే.

ఈ సంగతి విన్న భుజంగరావు ముఖమెత్తకయే పలికెను.

"అమ్మాయ్, నాలుగంగుళాల బురద కోసం నలభై ఏళ్ల నా మాట అబద్ధమనిపిస్తావా? ఆ ముక్క పాడైపోయిందని రాసెయ్."

"పాడవలేదండీ. నేనే కోశాను, నేనే లెక్కపెట్టాను."

మఱునాటి యుదయమున నామె వచ్చి చూడగా గొట్టపు బద్దలు రెండును తళతళలాడునట్లు కడుగబడి యెండలో నారుచుండెను. ఫినాయిలు వాసన గది నిండియుండెను. "కంపు కొడతాంది, కడిగెయ్యమన్నారమ్మా సారు" అని పరిచారిక చెప్పెను. ప్రక్కగదిలో భుజంగరావు పెరుగన్నము తినుచు మోచేతివఱకు జాఱిన పెరుగును నిదానముగా నాకుచుండెను. ఆ ప్రశాంతతను చూడలేక హైమవతి గుమ్మమునుండి వెనుదిరిగెను. అంతకంటె దుస్సహముగా నామెకు దోచినది యొకటి కలదు. ఆ నాలుక పలికిన మాటక్రిందనే తన సంతకమున్నది.

సంఘమునకు లేఖ వ్రాసి "ఈసారి బురదను మీ కన్నులయెదుటనే తీసి మీ కన్నులయెదుటనే కోసెదను" అని విన్నవించి యామె మరల వలసకొండకు వచ్చెను. అప్పటికి దోనె సాగునంత నీరును లేదు. నడిమికి పోవలయునన్న నడుములోతు జిగటలో దిగవలసినదే.

"దిగొద్దమ్మా. అది మనుసులు దిగే బురద కాదు" అని అప్పలకొండ వారించెను.

"నేను సంతకం పెట్టింది దీనికే, తాతా" అని హైమవతి దిగెను.

అడుగడుగునకు బుడగలు చిట్లి కుళ్లినగ్రుడ్ల వాసన ముఖమున గొట్టుచుండెను. రొయ్యపొట్టు కాళ్లకు చుట్టుకొనెను. వెచ్చనిదియు బంకయునైన యేదో మోకాలిని రాచుకొనిపోగా రెండుమాఱులు వాంతి చేసికొని చీరచెఱగుతో మూతి తుడుచుకొనబోయి ఆ చెఱగును చూచి మానుకొనెను. అప్పలకొండ తానును దిగి గొట్టమును పట్టెను.

ఒడ్డున సంఘసభ్యు లిద్దఱు చేతిరుమాళ్లు ముక్కున కదుముకొని దూరముగ నిలువగా నధ్యక్షురాలైన వృద్ధన్యాయమూర్తి మాత్రము బురదచెంతకు వచ్చి భూతద్దము పట్టి చాఱ చాఱయు తానే లెక్కించెను. ధాతయొద్ద నెఱ్ఱియ లేదు. హైమవతి యొక తామరగింజను గిల్లితీసి యామె యఱచేత నుంచెను.

"ఈమధ్య నేను చేసిన సంతకం తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. రాసుకోండి."

"మీ గురువుగారి మాటో?"

"ఆయన నేను మొదట తీసిన బురదను కడిగించారు. అదీ రాసుకోండి."

కర్మాగారము కోరిక నిరాకృతమయ్యెను. మాలిన్యపు గొట్టము మూయబడెను. హైమవతికి పరిశోధనాలయమున చోటు పోయెను. భుజంగరావునకు ఆ సంవత్సరమే ఘనసన్మానము జరిగెను. నాలుగు వర్షర్తువులు గడచినను సరస్సున తామర మొలవలేదు.

ఇకమీద నచట పేరుకొను ప్రతి పొరయు నిర్మలమే కావచ్చును. కాని వాని యన్నిటిక్రింద పదునైదేండ్ల నల్లనిముద్ద యొకటి కదలక యుండును. ఏ వేయేండ్లకో యెవ్వరో గొట్టము దింపి, కరువులను తుపానులను దాటి చదువుచు చదువుచు మన కాలమును చేరి, ముఖము త్రిప్పికొని కిటికీ తెఱచెదరు.