ఎవరి పోలిక

మా ఇంట్లో ముక్కు మా ఆయన పోలిక, తెలివి మామగారి పోలిక, లెక్కల్లో మార్కులు మేనత్త పోలిక. ఒళ్ళు ఒక్కటే నా పోలిక. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ పంపకం ఇలాగే జరిగింది. ఆ రోజు కూడా అందరికీ వడ్డించి, వంటగదిలో గట్టు దగ్గర నిలబడి, గుమ్మానికి వీపు పెట్టి నా అన్నం నేను తింటున్నాను. అవతల బల్ల దగ్గర మా అత్తగారు దానితో అంటున్నారు, "చాల్లేవే గుమ్మడీ, మళ్ళీ పెట్టించుకోకు. మీ అమ్మ పోలిక ఎక్కడికి పోతుంది." మా ఆయన నవ్వాడు. గుమ్మడి అని పేరు పెట్టింది ఆయనే, అదీ ముద్దుకే. మనిషి మంచివాడు, నాకు జ్వరమొస్తే నిద్ర మానుకుని తడిగుడ్డ వేస్తాడు. నోరే ఎక్కడ ఆగాలో తెలియదు. పెళ్ళయిన కొత్తలో నా పళ్ళెం చూసి "అబ్బో, మోయగలవా" అన్నాడు. అప్పటి నుంచే నాకు ఈ గట్టు అలవాటైంది.

మర్నాటి నుంచి మా అమ్మాయి కూడా పళ్ళెం పట్టుకుని నా పక్కకి గట్టు దగ్గరికి వచ్చేసింది. అమ్మంటే ఎంత ప్రేమో అని మురిసిపోయాను.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నా ఉద్యోగమే కొవ్వు. పరిశోధనశాలలో చిన్న చిన్న డిష్షుల్లో కొవ్వు కణాలని పెంచుతాను. ఏ జన్యువు మేలుకుంటే మామూలు కణం కొవ్వు కణంగా మారుతుందో చూడటం మా పని. కణాలకి సెలవులుండవు కాబట్టి ఆదివారం కూడా వెళ్ళి వాటి తిండి మార్చి రావాలి. వచ్చిన ప్రతివాళ్ళకీ మా పెద్దసారు నన్ను "ఈవిడే మా కణాలకి అమ్మ" అని చూపిస్తాడు. పరిశోధన అచ్చయ్యేటప్పుడు మాత్రం అమ్మ పేరు గుర్తుండదు. ఇంటా బయటా తిండి పెట్టడం నా పని, తినడం మాత్రం నా తప్పు.

ఆ శనివారం చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే అడుగున, కాగితంలో చుట్టి, నేను స్కూలుకి కట్టిచ్చిన అన్నం దొరికింది. దాని కిందే రాత్రి పెట్టింది కూడా. జడ వేస్తున్నప్పుడు దాని మెడ ఎముకలు చేతికెందుకు తగులుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఏమే, ఎందుకిలా అని అడిగితే గోడకేసి తిరిగి పడుకుంది.

"నాకు నీలా అవ్వాలని లేదమ్మా."

ప్రాణం చివుక్కుమంది. అంతకంటే ఎక్కువ భయం వేసింది.

ఆదివారం దాన్ని నాతో రమ్మన్నాను. "మావాడు లేచేదాకా ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేయను" అంటూ మా అత్తగారు కూడా చెప్పులేసుకున్నారు.

ముందు ఒక డిష్షు మైక్రోస్కోప్ కింద పెట్టాను. సన్నగా, దారప్పోగుల్లాంటి కణాలు. తర్వాత రెండోది పెట్టాను. ఒక్కో కణం నిండా గుండ్రటి చుక్కలు, వెలుగు పడి మెరుస్తున్నాయి. మా అత్తగారు కళ్ళద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"ముత్యాల్లా ఉన్నాయే. ఎవరివి?"

"నావే అత్తయ్యా. నా పొట్టకి ఆపరేషన్ చేసినప్పుడు పరిశోధనకని చిటికెడు కొవ్వు ఇచ్చానుగా."

"నీ పొట్టలోవా? మరి పైకి అలా కనపడవేం?"

నాకు నవ్వాగలేదు. మా అమ్మాయి కూడా నవ్వింది, ఎన్నాళ్ళకో.

"నాకా సన్నటివే నచ్చాయి" అంది.

"అవీ నావే. రెంటికీ ఒకటే తిండి. ఆ సన్నవాటిలో ఒక జన్యువు నోరు నొక్కేశాం, అందుకే కొవ్వు కణాలు కాలేకపోయాయి. ఒంట్లో ఇలా జరిగితే హాయిగా సన్నబడతామనుకోకు. దాచుకునే చోటు లేక కొవ్వంతా పోయి కాలేయంలో చేరుతుంది, జబ్బు చేస్తుంది. ఇవి మనల్ని కాపాడేవే తల్లీ."

"నాకా జన్యువు నీ నుంచే వచ్చిందా?"

"అది అందరికీ ఉంటుంది. ఎవరికెంత ఒళ్ళొస్తుందో తేల్చేవి ఇంకా బోలెడు. సగం నావి, సగం మీ నాన్నవి."

మా అత్తగారు స్టూలు మీద కూర్చుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకున్నారు. "మీ నాన్నవంటే నావేగా" అన్నారు మెల్లగా. "ఇంటికెళ్ళాక నా పెళ్ళి ఫోటో చూడు. కుర్చీ వెనకాల ఉంటాను. సగం మనిషి కనపడకుండా నిలబెట్టారు మావాళ్ళు. నీ వయసులో అచ్చం నీలాగే ఉండేదాన్ని. ఇది మా పోలికే. ఊరికే మీ అమ్మ నెత్తిన రుద్దాను."

ఆవిడ నోట ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఇన్నేళ్ళ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గెలిచేశాననిపించింది.

"విన్నావుగా. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు" అన్నాను మా అమ్మాయితో.

అది మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తలేదు. "మరి నువ్వెందుకమ్మా దాక్కుని తింటావు?"

కణాలకి తిండి మార్చడానికి అటు తిరిగాను. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ పిల్ల నా వీపునే చూస్తోంది. అన్నమంటే అటు తిరిగి గబగబా మింగేయాల్సిందని దానికి నేర్పింది నేను. అది ఏ జన్యువులోంచీ రాలేదు.

ఇంటికొచ్చి గిన్నెలన్నీ బల్ల మీద పెట్టాను. మా ఆయన పళ్ళెం ముందుకి జరుపుకుని వడ్డించమన్నట్టు అలవాటుగా నాకేసి చూశాడు. నేను ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుని, నా పళ్ళెంలో అన్నం పెట్టుకున్నాను, నాకెంత కావాలో అంత. కూర వేసుకున్నాను.

"ఏంటోయ్, ఇవాళ నువ్వే ముందు?"

"ఆకలేస్తోందండీ."

ఆ ఇంట్లో ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి. ఆయన ఇంకేదో అనబోయి, నా ముఖం చూసి ఆగి, గరిటె అందుకున్నాడు.

మా అమ్మాయి ఖాళీ పళ్ళెంతో వంటగది గుమ్మంలో నిలబడి కాసేపు గట్టు వైపు చూసింది, కాసేపు నన్ను చూసింది. తర్వాత వచ్చి నా పక్క కుర్చీ లాక్కుంది.