పుంటి వాటా

బెంగాల్‌లోని కోన్నగర్‌లో గంగ ఒడ్డు వైపు పోయే ఆ సందుకి ఒక దేశభక్తుడి పేరుంది. మునిసిపాలిటీ వాళ్ళు రాయించిన పలక కూడా ఉంది. కాని ఆ వానాకాలం నుంచి బ్యాటరీతో నడిచే టోటో బండ్లవాళ్ళు దాన్ని "గోక్కునే పిల్లి సందు" అనే పిలవడం మొదలుపెట్టారు. పలక మీది పెద్దమనిషి దేశం కోసం ఎంత చేశాడో గాని, పిల్లి ముందు నిలవలేకపోయాడు.

ఆ పిల్లి పియాలీ అత్తగారింటి పిల్లి. పేరు పుంటి, అంటే పరిగె చేపపిల్ల. దొరికిననాడు అంతే ఉండేదట. ఇప్పుడు దాని మెడచుట్టూ, చెవుల వెనక, కణతల మీద ఒక్క వెంట్రుక లేదు. వెనక్కాలు ఎత్తి గోకడం మొదలుపెట్టిందంటే గచ్చు మీద కుట్టుమిషను నడిచినట్టే ఉండేది. గోకితే పుండు, పుండు మీద పెచ్చు, పెచ్చు ఆరేలోపు మళ్ళీ గోకుడు.

పియాలీకి ఇంకా అన్నం ముట్టని పసివాడున్నాడు. అసలు పేరు అన్నప్రాశన నాడు పెడతారు, అందాకా గుబ్లూ. వాడు తుమ్మితే పియాలీకి గుండె ఆగేది. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని ఆగేది. తొమ్మిదో తరగతిలో చదువు ఆపించేశారు కనక, లోకంలో ప్రతివాళ్ళకీ తనకంటే ఎక్కువ తెలుసని ఆమె నమ్మకం. లోకం కూడా ఆ నమ్మకాన్ని ఎన్నడూ వమ్ము చేయలేదు. అడిగిన ప్రతివాళ్ళూ చెప్పారు. అడగనివాళ్ళు ఇంకా ఎక్కువ చెప్పారు.

ఆమె భయానికి రెండు కొనలు. పిల్లి పుండు అంటుకునేదైతే పిల్లాడికి వస్తుంది. వాడి బుగ్గ మీద ఇప్పటికే ఎర్రటి పొక్కులు నాలుగు లేచాయి. పోనీ పిల్లిని పంపేద్దామంటే, పిల్లి షష్ఠీ అమ్మవారి వాహనం. పసిపిల్లల్ని ఇచ్చేదీ కాచేదీ ఆ తల్లే. ఆవిడ బండిని గెంటేసిన ఇంట్లో ఆవిడెందుకు ఉంటుంది? ఉంచితే ఒక భయం, పంపితే ఒక భయం.

భర్త సౌగత్‌కి మాత్రం ఒకటే కొన. రిష్రాలో రంగుల కంపెనీలో గుమాస్తా అతను. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగేవాడు.

"ఇంకా గోక్కుంటోందా?"

"కొంచెం తగ్గినట్టుందండీ."

"నువ్వు నెలనుంచీ కొంచెం తగ్గిందనే అంటున్నావ్. అలా తగ్గుతూపోతే ఈపాటికి దానికి తోలు కూడా మిగలకూడదు. చూడు, బాబు అన్నప్రాశన లోపు నయం కాలేదా, గోనెసంచిలో కట్టి పడవెక్కించి అవతల పానిహాటీ ఒడ్డున వదిలేసి వస్తా."

"చేతులు పడిపోతాయిరా," అని లోపలి గదిలోంచి తల్లి నిభాననీ గొంతు వచ్చేది. "చిన్నకోడలి కథ తెలియదూ?"

ఆ కథ తెలియని గోడలు కూడా ఆ ఇంట్లో లేవు. నిభాననీ ప్రతి షష్ఠికీ చెబుతుంది. ఒక ఇంటి చిన్నకోడలు వంటింట్లో చేప దొంగిలించి తిని, నెపం పిల్లి మీద వేసేది. పిల్లి వెళ్ళి అమ్మవారితో మొరపెట్టుకుంది. ఆ కోడలికి పుట్టిన పిల్లల్నల్లా నోట కరచుకుని ఎత్తుకుపోయింది. కథ చెబుతున్నంతసేపూ నిభాననీ కళ్ళు పియాలీ మీదే ఉండేవి. ఆ ఇంటికి కోడలంటూ ఉన్నది ఒక్కతే కనక, పెద్దకోడలూ చిన్నకోడలూ పియాలీయే.

అక్కడి విధవల ఆచారం ప్రకారం నిభాననీ భర్త పోయిన నాటినుంచి చేప ముట్టదు. ముట్టదంటే తినదని. కత్తిపీట ముందేసుకుని పొలుసు గీయడం, ముక్కలు కోయడం, పసుపూ ఉప్పూ పట్టించి ఆవనూనెలో వేయించడం అన్నీ ఆవిడే. ఆ తర్వాత చేతులు మూడుసార్లు కడుక్కుని, తన మూల పొయ్యి మీద ఉల్లిపాయ కూడా లేని పప్పు ఉడికించుకునేది. అంత నిష్ఠ ఈ కాలంలో ఎవరికుందని వీధి వీధంతా చెప్పుకునేది.

పుంటి రోగానికి కారణం ఆవిడకి మొదటిరోజే తెలుసు. కోడల్ని బౌమా అని పిలిచి మరీ చెప్పింది.

"అంతా చక్కెర వల్ల, బౌమా. మీ పుట్టింటివాళ్ళు పప్పులో చక్కెర, కూరలో చక్కెర, చివరికి చేప పులుసులో కూడా చక్కెర. మావైపు పిల్లులు ఇలా గోక్కోవడం నేనెన్నడూ చూడలేదు."

"పుంటికి నేను పులుసు పోయను కదమ్మా."

"వాసన చాలదూ?"

ఎదురింటి హరిసాధన్ కాకా తపాలాఫీసులో పనిచేసి దిగిపోయాక హోమియోపతీ మొదలుపెట్టాడు. మనుషులు అయిపోయాక ఆవుల మీద, ఆవులవాళ్ళు తిట్టాక పిల్లుల మీద పడ్డాడు. ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి పుంటిని చాలాసేపు చూశాడు.

"దీనికి రాత్రిళ్ళు కలలు వస్తాయా?"

"తెలీదు కాకా."

"ఎత్తునుంచి పడిపోతున్నట్టు కలలు వస్తే ఒక మందు, నీళ్ళ కలలైతే ఇంకో మందు. కనుక్కుని చెప్పు. అందాకా ఈ గుళికలు వెయ్యి."

పుంటి గుళికల్ని కాలితో దొర్లించుకుని ఆడుకుంది. అదే మందు పనిచేస్తున్న గుర్తు అన్నాడు కాకా.

పక్కింటి రీణా బౌదీ, అంటే రీణా వదిన, దిష్టి అంది. "మీ పిల్లి చూడ్డానికి బావుంటుంది పియాలీ, అదీ సంగతి. మా పిల్లి మొహం చూడు, ఎవడైనా దిష్టి పెడతాడా?" అని ఎండుమిరపకాయలు తిప్పి కాల్చింది. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గారు. దగ్గనిది పుంటి ఒక్కటే, అది గోక్కుంటూ ఉంది.

గుబ్లూ బుగ్గ మీద అయిదో పొక్కు కనబడిన రోజు పియాలీ ఇంక ఎవరినీ అడగలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని, పుంటిని మూతబుట్టలో పెట్టుకుని టోటో ఎక్కి పశువుల ఆసుపత్రికి పోయింది.

అక్కడ డాక్టర్ సామంత అనే ఆయన ఉన్నాడు. మాట తక్కువ, విసుగు ఎక్కువ. తడిపిన తెల్లకాగితం పరిచి దాని మీద పుంటిని సన్న దువ్వెనతో దువ్వాడు. రాలిన నలుసుల్ని వేలితో రుద్ది, ఎర్రగా మారలేదు కనక రక్తం తాగే గోమార్లు లేవన్నాడు. పుండు అంచున గీరి మైక్రోస్కోపు కింద చూసి, గజ్జి పురుగు లేదన్నాడు. గది చీకటి చేసి నీలం దీపం వేసి చూశాడు. రెండు వెంట్రుకలు పీకి పరీక్షకి పంపి, వారం తర్వాత రమ్మని, అప్పుడు తామర కూడా కాదన్నాడు.

"అయితే పిల్లాడికి అంటదా డాక్టర్‌గారూ?"

"అంటదు. వాడి బుగ్గ మీదివి చెమటకాయలు. ఆవనూనె పూస్తున్నారా?"

"మా అత్తగారు రోజూ..."

"మానేయండి. సరే, ఇది ఏం తింటుంది?"

"చేప."

"ఇంకా?"

"చేపా అన్నం."

"చేప కాకుండా?"

పియాలీ చాలాసేపు ఆలోచించింది. "చేప తల."

డాక్టరు లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "అమ్మా, నేను చెప్పేది నిదానంగా వినండి. తల, మెడ చుట్టూ ఇలా గోక్కుంటూ పురుగూ బూజూ ఏదీ లేకపోతే, తిండి పడటం లేదని అనుమానించాలి. దీనికి చేప పడట్లేదనుకుంటాను."

"పిల్లికా?"

"పిల్లికే. చేప పూర్తిగా బంద్. ఇంతవరకూ తిననిది పెట్టాలి. కోడిమాంసం తిందా?"

"మా ఇంట్లోకి కోడి రాదండీ."

"అయితే కోడే. ఉత్తినే ఉడకబెట్టండి, ఉప్పూ పసుపూ వద్దు. రెండు నెలలు. మధ్యలో ఒక్క చేప ముల్లు నాకినా మళ్ళీ మొదటికే. ఇంకో మాట." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది నేను చెప్పానని ఊళ్ళో అనకండి. నాకూ ఇక్కడే ఇల్లుంది."

ఆయన భయం నిజమే. సాయంత్రానికల్లా సంగతి వీధి చివరి టీ కొట్టుకి చేరింది. బెంగాల్‌లో పుట్టిన పిల్లికి చేప పడదా అని అక్కడి బల్ల మీద కూర్చున్నవాళ్ళు చిన్నబోయారు. ఒకాయన దీని వెనక కోళ్ళఫారాల వాళ్ళున్నారన్నాడు. ఇంకొకాయన చదువులు ఎలా దిగజారాయో చెప్పాడు. రీణా బౌదీ గోడ మీంచి తల పెట్టి నిట్టూర్చింది.

"అయ్యో పాపం, నిండు ప్రాణాన్ని విధవని చేసేశావటే?"

నిభాననీ మాత్రం ఒక్కమాటే అంది. "చేప పిల్లికి బందా, పిల్లి పేరు చెప్పి నీకు రెండు ముక్కలా?"

పెరట్లో విడిగా పొయ్యి పెట్టి పియాలీ కోడి ఉడకబెట్టింది. పుంటి ఏ నిష్ఠా లేకుండా లొట్టలేసుకుని తినేసింది. రోజులు గడిచాయి. పుంటి గోకుడు ఆగలేదు. డాక్టరు మళ్ళీ చూసి, "ఎవరో పెడుతున్నారు," అన్నాడు.

పియాలీ ఇల్లిల్లూ తిరిగింది. "నేనా? నేనెందుకు పెడతాను?" అన్నారందరూ. తర్వాత ఒక్కొక్కరే, "తోక ముక్క చేపలోకి వస్తుందేంటి?" అని ఒకరు, "ముల్లేగా, మాంసం కాదుగా," అని ఒకరు. హరిసాధన్ కాకా గుళికలు వేశాక నోరు మార్చడానికి చిన్న ముక్క పెడుతున్నాడట. "గుళిక గుణం దాన్ని విరిచేస్తుందమ్మా, నువ్వేం భయపడకు."

ఇక లాభం లేదని పుంటిని ఇల్లు కదలనివ్వలేదు. కిటికీలకి దోమతెర కొట్టించింది. అయినా కుట్టుమిషను ఆగలేదు. అన్నప్రాశన వారంలోకి వచ్చింది. సౌగత్ గోనెసంచి తెచ్చి మెట్ల కింద మేకుకి తగిలించాడు. పియాలీ అటూ ఇటూ పోతూ ఆ సంచిని చూసినప్పుడల్లా పిల్లాణ్ణి గట్టిగా హత్తుకునేది. వాడు ఏడ్చేవాడు.

ఇంట్లోకి చేప వచ్చేది రోజూ ఒక్కసారి. సౌగత్‌కి ఒక ముక్క, తనకి ఒకటి. కాని జాలరి మాధబ్ తక్కెడలో మూడు ముక్కలు వేస్తున్నాడని ఆ ఉదయమే పియాలీ గమనించింది.

"మూడోది ఎవరికి?"

"మీ పిల్లి వాటా కదా బౌదీ. పెద్దమ్మగారు మానేయమని చెప్పలేదే. బొచ్చె చేప పొట్ట ముక్కే కావాలంటారు ఎప్పుడూ. మీ పిల్లికి తోక ముక్క సయించదంట."

మధ్యాహ్నం నిభాననీ స్నానానికి వెళ్ళినప్పుడు పియాలీ ఆవిడ గది ఊడవడానికి వెళ్ళింది. మంచం కింద, పాత ట్రంకుపెట్టె వెనక చీపురుకి గిన్నె తగిలింది. బయటికి లాగింది. గిన్నె అడుగున పసుపు పట్టిన నూనె, తీరుగా ఏరి ఒక అంచున పేర్చిన ముళ్ళు. పుంటి ఎక్కడినుంచి వచ్చిందో వచ్చి ముళ్ళు నాకబోయింది. పియాలీ దాన్ని తోసేసి గిన్నెలోకి మళ్ళీ చూసింది.

ముళ్ళ పక్కన, సగం కొరికిన పచ్చిమిరపకాయ తొడిమతో సహా ఉంది.

పిల్లి ముళ్ళు ఏరి పేర్చదు. పేర్చినా పచ్చిమిరపకాయ నంజుకోదు.

తల తుడుచుకుంటూ నిభాననీ గుమ్మంలోకి వచ్చింది. గిన్నె చూసింది, కోడల్ని చూసింది.

"దాని పేరున తెప్పించి..." అంది, మంచం కోడు పట్టుకుని కూర్చుంటూ. "తింటుంటే ఎదురుగా కూర్చుని చూస్తుంది. ఒక్కదాన్నే ఎలా తినను? అమ్మవారి వాహనం. తోలూ తలా దానికి వేస్తా."

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"ఆయన పోయిన మొదటి వానాకాలం పులస వచ్చింది. ఊరుకోగలిగాను. రెండో వానాకాలం ఊరుకోలేకపోయాను." ఆవిడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. "మావాడికి చెబుతావా? వీధిలో చెబుతావా? రీణాకి తెలిస్తే నేను గంగలో దూకాలి."

పియాలీకి ఒళ్ళు మండింది. ఇన్ని షష్ఠులు తనకేసి చూస్తూ చెప్పిన కథంతా గుర్తొచ్చింది. ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే బయట సౌగత్ గొంతు వినబడింది. సెలవు పెట్టి మధ్యాహ్నమే వచ్చేశాడు.

"పడవ ఉంది. పిల్లిని పట్టుకో పియాలీ, ఇంక చాలు."

సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గిన్నె కనబడింది.

"ఇదేంటి? చేపా? డాక్టరు వద్దన్నాక కూడా ఎవరు పెడుతున్నారు?"

నిభాననీ కళ్ళు మూసుకుంది. పియాలీ పచ్చిమిరపకాయని గుప్పిట్లోకి తీసుకుంది.

"నేనేనండీ. అది అరుస్తుంటే మనసొప్పక పెట్టాను. రోగం అంటేది కాదని డాక్టరు చెప్పారు, బాబువి చెమటకాయలే. తప్పు నాది, దానిది కాదు. ఇవాళ్టినుంచి పెట్టను. నా మాట మీద రెండు నెలలు ఉంచండి. తగ్గకపోతే నేనే మోసుకెళ్ళి దింపి వస్తా."

సౌగత్ తల కొట్టుకున్నాడు. ఇంట్లో మతి ఉన్నది తన ఒక్కడికేనని చెప్పి, సంచిని మళ్ళీ మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు.

నిభాననీ కళ్ళు తెరిచింది. గొంతు సవరించుకుని, కొడుక్కి వినబడేలా అంది. "నేను ఎప్పుడో చెప్పాను, చిన్నకోడలి బుద్ధి అని."

పియాలీ ఆవిడ వంక చూసింది. నిభాననీ తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టింది. మడిచిందే మళ్ళీ మడిచింది.

అన్నప్రాశన నాటికి పుండ్లు ఆరడం మొదలైంది. వచ్చినవాళ్ళంతా పిల్లాణ్ణి సగం, పిల్లిని సగం చూశారు. దుర్గాపూజల వేళకి మెడ చుట్టూ మెత్తటి నూగు మొలిచింది. హరిసాధన్ కాకా తన గుళికల సంగతి టీ కొట్టులో నెలరోజులు చెప్పాడు. రీణా బౌదీ ఎండుమిరపకాయలకి గిరాకీ పెరిగింది. నిభాననీ, కోడలు వంటలో చక్కెర తగ్గించాకే కుదిరిందని తేల్చింది. నిజానికి పియాలీ చిటికెడు కూడా తగ్గించలేదు. టీ కొట్టు బల్ల మాత్రం చేప మీద మచ్చ పడనందుకు ఊపిరి పీల్చుకుంది.

మాధబ్ ఇప్పటికీ రోజూ మూడు ముక్కలు వేస్తాడు. వేయించేది పియాలీ. మధ్యాహ్నం మూతపెట్టిన గిన్నె అత్తగారి గదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేస్తుంది. పుంటి ఉడికిన కోడి తిని, ఆ తలుపు ముందు కూర్చుని పెద్దపెట్టున అరుస్తుంది, అమ్మవారితో మొరపెట్టుకుంటున్నట్టు.

ఒకరోజు సౌగత్ అన్నం తింటూ అడిగాడు. "పిల్లికి చేప బందు కదా. మూడో ముక్క ఎవరికి?"

"పుంటి వాటా అండీ. అమ్మవారి వాహనం పేరున తెచ్చేది మానకూడదట. అమ్మే ఎక్కడో పెడతారు."

సౌగత్‌కి దేవుడి లెక్కలంటే భయం. మళ్ళీ అడగలేదు.

లోపలి గదిలోంచి నిభాననీ గొంతు సన్నగా వచ్చింది.

"బౌమా, పుంటి వాటాలో ఇవాళ పచ్చిమిరపకాయ వేయడం మరిచిపోయావే."