అందరూ పోయినంక

"గట్ల కాదురా, గంటె పట్టినట్టు పడుతున్రేంది?" అంటూ లింగస్వామి ఒక్కొక్క పిల్లవాడి చేతిలోంచి బ్యాటు తీసి మళ్లీ పెడుతున్నాడు. పొద్దున ఆరింటి నుంచి గుంట మగ్గంలో కూర్చున్న మనిషి. మధ్యాహ్నం పడుగు పోగులు వరసగా తెగితే, వాటిని అతుకుతూ కూర్చునేసరికి అన్నం కూడా తినలేదు. నడుము పట్టేసింది. అయినా ఐదు కొట్టగానే కుల సంఘం భవనం తాళం తీసి, టేబుల్ టెన్నిస్ బల్ల మీది దుమ్ము తుడిచి, వల కట్టాడు. పన్నెండుమంది పిల్లలు, ఆరు బ్యాట్లు.

పోచంపల్లికి దగ్గర్లో ఉన్న ఊరది. ఆ బల్లను హైదరాబాదులో బట్టల దుకాణం పెట్టుకున్న ఒక పెద్దమనిషి సంఘానికి ఇచ్చి రెండేళ్లయింది. ఏడాదిన్నర పాటు దాని మీద పెళ్లిళ్లకు కూరల గిన్నెలు పెట్టారు. పసుపు మరకలు కడిగి, ఒక కాలు కింద చెక్కముక్క పెట్టి దాన్ని ఆటకు పనికొచ్చేలా చేసింది లింగస్వామే. నెలకు నాలుగు వేలు ఇస్తాం, పిల్లలకు నేర్పమన్నారు సంఘంవాళ్లు. మొగుడూ పెళ్లాం కలిసి నెలంతా నేస్తే పన్నెండు వేలు రాని ఇంట్లో నాలుగు వేలంటే మాటలు కాదు.

ఎంత చెప్పినా పిల్లలకు పట్టు కుదరడం లేదు. ఒకడు కత్తి పట్టినట్టు పడతాడు, ఒకతి చీపురు పట్టినట్టు. లింగస్వామికి విసుగొచ్చి బ్యాట్లన్నీ బల్ల మీద పెట్టించాడు.

"ఇద్దరిద్దరు ఎదురెదురుగ నిలబడున్రి. షేక్‌హ్యాండ్ ఇచ్చుకోన్రి. ఆఁ, గట్ల. ఇప్పుడు మీ చెయ్యి ఎట్లున్నదో సూడున్రి. బొటనవేలు ఒకదిక్కు, సూపుడువేలు ఒకదిక్కు. బ్యాటుకు గూడ గట్లనే షేక్‌హ్యాండ్ ఇయ్యాలె. గంతే పని."

పిల్లలకు ఇది భలే నచ్చింది. ఆరు జతలూ చేతులు కలిపి ఊపడం మొదలుపెట్టాయి. అందరికంటే ఎక్కువ ఊపింది హరిత, రేణుక. ఇద్దరూ ఆరో తరగతి. ఎవరు ముందు వదులుతారో అని పంతం పట్టి, చేతులు విడవకుండా నవ్వుతూ నిలబడ్డారు.

గుమ్మం దగ్గర కుర్చీలో హరిత నాయనమ్మ జానమ్మ కూర్చుని ఉంది. చుట్టాలింట్లో నూతన వస్త్రాల ఫంక్షన్ ఉంటే మనుమరాలిని తీసుకుపోదామని వచ్చింది. సంఘం అధ్యక్షుడు వెంకటరాజం భార్య ఆమె.

"గా పిల్ల ఎవలే?" అంది.

"రేణుక. మా క్లాసే అవ్వా."

"ఎవల బిడ్డ?"

రేణుకే జవాబు చెప్పింది. "సైదమ్మ బిడ్డను. రోజు పొద్దుగాల గీడ ఊడుస్తది గద, మా అమ్మే." కాస్త గొప్పగానే చెప్పింది. వాళ్లమ్మ ఊడ్చే హాలంటే కొంత తమదే అని ఆ పిల్ల లెక్క.

జానమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి హరిత మణికట్టు పట్టుకుని బయటికి తీసుకుపోయింది. ముంగిట్లో నల్లా తిప్పిన చప్పుడు, చేతులు రుద్దుతున్న చప్పుడు లోపలికి వినిపించాయి. పిల్లలు ఆటలో పడిపోయారు. విన్నది లింగస్వామి, రేణుక.

ఎస్సీ కాలనీ పిల్లలు, ఊరి పిల్లలు బడిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒకే గిన్నెలో వండిన మధ్యాహ్న భోజనం పక్కపక్కన తింటారు. ఎవరికీ పట్టింపు లేదు, ఎందుకంటే బడి సర్కారుది. ఈ భవనం మాత్రం మనది. మనది అనేసరికి మనుషులకు ఎక్కడలేని శుభ్రం గుర్తొస్తుంది. సైదమ్మ చేత్తో ఊడ్చి తుడిచిన గచ్చు మీద పెళ్లి భోజనాలకు కూర్చున్నవాళ్లే, ఆమె బిడ్డ చేతిని తాకినందుకు తమ బిడ్డ చేయి కడిగించారు. ఈ లెక్క ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు.

రేణుక ఇక్కడికి వచ్చింది వాళ్లమ్మతోనే. వేసవి సెలవుల్లో ఒక పొద్దున, తల్లి ఊడుస్తుంటే పిల్ల ఒక పాత బంతిని అరచేత్తో గోడకు కొడుతూ లింగస్వామి కంటబడింది. నలభైసార్లు కింద పడనివ్వలేదు. ఆయన లోపలే లెక్కపెట్టుకుని, జూన్‌లో ఆమె పేరు కూడా రాసుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అడగాలని తట్టలేదని తర్వాత భార్యతో అన్నాడు గానీ అది నిజం కాదు. తట్టింది. తట్టినదాన్ని పక్కకు నెట్టాడు.

ఆదివారం పొద్దున్నే వెంకటరాజం ఆయన ఇంటికి వచ్చి, మగ్గం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. చీరె అంచు చేత్తో తడిమి చూశాడు. రంగు బాగా దిగిందన్నాడు.

"పిల్లలకు మంచిగ నేర్పుతున్నవట లింగస్వామీ. మా హరిత ఇంట్ల గోడలన్ని ఖరాబు చేస్తాంది."

"మంచిగ ఆడుతది మామా."

"గా సైదమ్మ బిడ్డ గూడ వస్తాందట గద."

లింగస్వామి పేక పోగు నడిపే నాడె విసరడం ఆపాడు.

"నాకైతే ఏం పట్టింపు లేదు," అన్నాడు వెంకటరాజం. "ఇయ్యాల్రేపు గివన్ని ఎవలు సూస్తున్నరు? కని ఆడోళ్లు ఊకుంటలేరు. నలుగురు తల్లులు మా పిల్లల్ని బంద్ చేస్తమని ఇంటికొచ్చి కూసున్నరు. నేనేం చెయ్యాలె చెప్పు."

"చిన్న పిల్ల మామా. ఆట మీద మస్తు పానం ఆమెకు."

"రావొద్దని నేనన్ననా? రానీ. ఆరున్నరకు అందరు పోతరు గద, అప్పుడు రానీ. నువ్వు ఎట్లాగు ఉంటవు, ఓ అర్ధగంట సూపియ్యి. ఒక బ్యాటు అలగ్ పెట్టు ఆమెకు. ఎవ్వలికి బాధ ఉండది." లేచి, తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సైదమ్మ గూడ పాపం మనల్నే నమ్ముకొని బతుకుతాంది," అని వెళ్లిపోయాడు.

వెంకటరాజం చెడ్డవాడు కాదు. లింగస్వామి తల్లి నిమ్స్ దవాఖానలో ఉన్నప్పుడు మూడు రాత్రులు పక్కన కూర్చున్న మనిషి. అందుకే ఆయన మాట అంత మెత్తగా దిగింది. గట్టిగా తిట్టి ఉంటే ఎదురు తిరగడం లింగస్వామికి తేలికయ్యేది.

ఆ రోజంతా నేస్తూనే తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఆట తాను మాత్రం ఎట్లా నేర్చుకున్నాడు? పదిహేనేళ్లప్పుడు హైదరాబాదులో ఒక క్లబ్బులో బంతులు ఏరే పనికి కుదిరాడు. దొరలంతా ఆడి, స్నానాలు చేసి, కార్లెక్కి పోయాక లైట్లు ఆర్పే ముందు దొరికిన అరగంటే ఆయన బడి. అట్లా తొమ్మిదేళ్లు. తనకు చాలిన అరగంట ఈ పిల్లకు చాలదా? అసలే లేకపోవడం కంటే నయం కదా? ఇట్లా అనుకునే కొద్దీ అది న్యాయంగానే కనిపించసాగింది.

సాయంత్రం కాలనీకి వెళ్లాడు. సైదమ్మ అప్పుడే పత్తి చేనులో కలుపు తీసి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. సారు ఇంటికి వచ్చాడని కంగారుపడి, పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి వేసింది. మంచినీళ్లు మాత్రం ఇవ్వలేదు. ఇస్తే ఆయనకు ఇబ్బంది అవుతుందని ఆమె అనుకుంది. ఆయనా అడగలేదు.

చెప్పాల్సింది నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"గంతే గద సార్," అంది సైదమ్మ, పెద్ద బరువు దిగినట్టు. "మీరు గిట్ల వచ్చేసరికి నన్ను పనికి రావొద్దంటరేమో అని గుండె జల్లుమన్నది. ఆరున్నరకే పంపుత. మీరు గంత సెప్పాల్నా?"

బోళ్లు తోముతున్న రేణుక చేతులు ఆపింది.

"అందరు పోయినంక వస్తే నేను ఎవలతోని ఆడాలె సార్?"

"నేనుంట గద బిడ్డా."

"మీరు నేర్పుతరు. ఆడుడు ఎవలతోని?"

లింగస్వామి క్లబ్బు సంగతి చెప్పాడు. తానూ అందరూ పోయినంకనే నేర్చుకున్నానన్నాడు. అందులో నామోషీ ఏమీ లేదన్నాడు.

"అప్పుడు మీతోని ఎవలు ఆడెటోళ్లు?"

"మల్లేశని ఒకడుండె. వాడు గూడ నా లెక్కనే బంతులు ఏరెటోడు."

రేణుక చేతిలోని గిన్నె కింద పెట్టింది. "నాకు మల్లేశ్ లేడు గద సార్," అంది.

"నోరు ముయ్యవే," అని తల్లి కసిరింది. "సారు మన మంచికి చెప్తుంటే ఎదురు మాట్లాడుతవా? నాకున్న పని గూడ పోవాల్నా?" రేణుక మళ్లీ బోళ్లు తోమడం మొదలుపెట్టింది. లింగస్వామి లేచాడు. దారి పొడుగునా ఆయనకు సిగ్గుగా ఉంది. పదకొండేళ్ల పిల్ల ఒక్క మాటలో తేల్చిన సంగతి తనకు తొమ్మిదేళ్లలో ఎందుకు అర్థం కాలేదో తెలియలేదు. క్లబ్బులో తనకు అన్యాయం జరిగిందని ఆయన ఆ సాయంత్రం దాకా ఎన్నడూ అనుకోలేదు.

సోమవారం రేణుక ఐదింటికే వచ్చింది. తల నున్నగా దువ్వుకుని రెండు జడలు వేసుకుంది. బడి బట్టల మీదే ఉంది. రోజూ నిలబడే చోటే, వరసలో చివర నిలబడింది. గుమ్మం దగ్గర జానమ్మతో పాటు ఇంకో ఇద్దరు తల్లులు కూర్చుని ఉన్నారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇంటికి పోయి ఆరున్నరకు రమ్మని చెప్పాల్సింది లింగస్వామి. నోరు తెరిచాడు కూడా. "ఇయ్యాల సర్వీస్ నేర్చుకుందాం," అన్నాడు.

బంతి తెరిచిన అరచేతిలో పెట్టుకోవాలనీ, జానెడెత్తు ఎగరేయాలనీ, దిగేటప్పుడు కొట్టాలనీ చూపించాడు. ముందు మన దిక్కు ఒకసారి పడాలి, వల దాటి అవతలి దిక్కు ఒకసారి పడాలి. ఒక్కొక్కరికి ఐదు సర్వీసులు. ఎదుటివాళ్లు తిరిగి కొట్టాలి. పిల్లలు ఇద్దరిద్దరు వచ్చారు. కొందరి బంతి వలకు తగిలింది, కొందరిది కిటికీలోంచి బయటికి పోయింది. అందరూ నవ్వారు, బంతి తేవడానికి ఎగబడ్డారు.

చివరికి రేణుక వంతు వచ్చింది. పిలవకుండా దాటేయొచ్చునా అని ఆయన ఆలోచిస్తుండగానే, ఆ పిల్ల బ్యాటు తీసుకుని బల్ల దగ్గరికి వచ్చేసింది. ఎదురుగా హరిత.

హరిత నాయనమ్మ వైపు చూసింది. ఇంట్లో ఏం చెప్పి పంపారో ఏమో, బ్యాటును మెల్లగా బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకుంది.

రేణుక సర్వీస్ చేసింది. బంతి ఇటు ఒకసారి, అటు ఒకసారి పడి, హరిత పక్కనుంచి పోయి గోడ దాకా దొర్లింది. తేవడానికి ఎవరూ కదల్లేదు. రేణుకే బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, తెచ్చుకుని, వచ్చి నిలబడింది. రెండోది. మళ్లీ గోడ దాకా వెళ్లి తెచ్చుకుంది. మూడోది ఆ రోజు పిల్లలందరూ చేసిన వాటిలోకెల్లా చక్కటి సర్వీసు. వలను రాసుకునేంత తక్కువ ఎత్తులో వెళ్లింది. ఇంకో రోజయితే లింగస్వామి శభాష్ అని అరిచేవాడు. హరిత కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం వెనకనే ఉన్నాయి. ఆ బంతినీ రేణుకే తెచ్చుకుంది.

"ఏం లింగస్వామీ, మా ఆయన నీకు చెప్పలేదా?" అంది జానమ్మ కూర్చున్న చోటి నుంచే.

"చెప్పిండత్తా," అన్నాడు లింగస్వామి. "ఆమెకు ఇంక రెండు సర్వీసులున్నయి."

పెద్దవాళ్ల మాటకు ఆయన జీవితంలో ఇచ్చిన మొదటి ఎదురు జవాబు అది. అంతకంటే పెద్దది ఆయన దగ్గర లేదు. నాలుగు వేలు పోతాయని తెలుసు, సైదమ్మ పని పోతుందేమోనని భయమూ ఉంది. బల్ల అవతలికి నడిచి, హరితను కొంచెం జరగమని, ఆమె ముందున్న బ్యాటు అందుకున్నాడు.

"నేను కొడత బిడ్డా. చెయ్యి సర్వీసు."

రేణుక బంతి ఎగరేయలేదు. చేయి దించేసింది.

"మీరొద్దు సార్."

"ఏమైతది? నాతోని ఆడు."

"మీకు ఆట వచ్చు సార్. మా క్లాసోళ్లు నాతోని ఆడాలె. మీరు జరుగున్రి."

ఆ మాటలో కోపం లేదు, బతిమాలడమూ లేదు. లింగస్వామి బ్యాటును తిరిగి హరిత ముందే పెట్టి పక్కకు జరిగాడు. ఏం చేయాలో తోచక తువాలుతో మొహం తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. వరసలో పదిమంది పిల్లలు చూస్తున్నారు.

రేణుక అరచేయి తెరిచి బంతిని మధ్యలో పెట్టుకుంది. జానెడెత్తు ఎగరేసి కొట్టింది. బంతి ఇటు ఒకసారి పడింది, వల దాటి అటు ఒకసారి పడింది, అవతల గచ్చు మీద పడి దొర్లుకుంటూ గోడ వైపు పోయింది.

బ్యాటు పక్కన పెట్టకుండానే, రేణుక బల్ల చుట్టూ తిరిగి దాన్ని తేవడానికి వెళ్లింది.